స్పీకర్లు కొనే ముందు దుకాణంలో ఎలా వినాలి

దుకాణానికి బయలుదేరే ముందు, స్పీకర్లు పెట్టబోయే గదిని టేపుతో కొలిచి, పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటినీ ఒక కాగితం మీద రాసుకోవాలి. అదే కాగితం మీద స్పీకర్లు నిలబడే చోటు, వాటి వెనక గోడకు మిగిలే జాగా, మనం కూర్చునే కుర్చీ, కిటికీలు, గుమ్మాలు, టీవీ బల్ల గుర్తు పెట్టుకుని, ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు కూడా తీసుకుంటే ఇంకా మంచిది. ముప్పై వేల రూపాయల జత కొనేవారికైనా, మూడు లక్షల జత కొనేవారికైనా ఈ పని తప్పదు. దుకాణంలో మన చెవిన పడే ధ్వనిలో, ముఖ్యంగా బేస్, అంటే కింది స్వరాల విషయంలో, స్పీకరు వాటా ఎంత ఉంటుందో ఆ దుకాణపు గది వాటా కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. మనం డబ్బిచ్చి తెచ్చుకునేది స్పీకర్లను మాత్రమే; ఆ గదిని దుకాణదారు దగ్గరే వదిలి వస్తాము.

గోదావరి జిల్లాల ఇళ్ళకు ఈ మాట మరింత వర్తిస్తుంది. నగరాల్లోని మంచి డెమో గదుల్లో నేల మీద మందమైన తివాచీ, గోడలకు గుడ్డ తొడిగిన పలకలు, బిగుతుగా మూసుకునే తలుపులు, చప్పుడు వినిపించని ఏసీ ఉంటాయి. అమలాపురంలోనో భీమవరంలోనో కొత్తగా కట్టిన డాబా ఇంట్లో నేలంతా నున్నటి టైల్స్, నాలుగు పక్కలా బోడి గోడలు, పైన స్లాబు, దాని కింద ఎనిమిది నెలల పాటు ఆగకుండా తిరిగే ఫ్యాను, ఉక్కకు మూయడానికి వీలుకాని కిటికీలు ఉంటాయి. ఆ గది మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చప్పుడు వెంటనే ఆగిపోతే ఫరవాలేదు. రేకు డబ్బాను గోరుతో మీటినట్టు సన్నని వణుకు మిగిలితే, ఆ గదిలో ట్రెబుల్, అంటే పై స్వరాలు, అంతా గోడల మధ్య కొట్టుకుంటుందని అర్థం. డెమో గదిలో మిలమిల మెరిసినట్టు వినిపించిన స్పీకరు అలాంటి గదిలో చెవులు గీరుతుంది. పాత మండువా లోగిళ్ళలో పరిస్థితి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడ సావిడి మండువాలోకి తెరుచుకుని ఉంటుంది కనుక బేస్ చాలావరకు ఆకాశంలోకి పోతుంది, పెంకు కప్పు వాలుగా ఉంటుంది కనుక ప్రతిధ్వని చెదిరిపోతుంది. అటువంటి ఇంట్లో చిన్న పెట్టెలు పీలగా వినిపిస్తాయి, పెద్దవి చక్కగా ఒదుగుతాయి.

బేస్‌కు ఒక చిన్న లెక్క ఉంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 1,125 అడుగులు ప్రయాణిస్తుంది. గది కొలతను రెట్టింపు చేసి, 1,125ను ఆ సంఖ్యతో భాగిస్తే, ఆ దిశలో గది తనంతట తాను మోగే అతి కింది స్వరం హెర్ట్జ్‌లలో వస్తుంది. 15 అడుగుల పొడవుకు అది సుమారు 37, 12 అడుగుల వెడల్పుకు 47, 10 అడుగుల ఎత్తుకు 56. ఈ మూడూ ఒకదానికొకటి ఎడంగా ఉంటే ఏ ఒక్క స్వరమూ మరీ పొంగదు. పొడవూ వెడల్పూ రెండూ 12 అడుగులే అయితే రెండు దిశలూ 47 దగ్గరే ఉబ్బి, ఆ స్వరం వచ్చినప్పుడల్లా గది గుమ్ముమంటుంది. చదరపు గది ఇల్లు కట్టే మేస్త్రికి సులువేమో గాని బేస్‌కు మాత్రం బద్ధ శత్రువు.

ఈ లెక్క నేను డబ్బు పోగొట్టుకున్న తరవాత నేర్చుకున్నాను. కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద నగరంలోని దుకాణంలో, వెనకవైపు గాలి గొట్టం ఉన్న, నేల మీద నిలబడే టవర్ స్పీకర్ల జత విని, మృదంగం ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టుందని మురిసిపోయి, ఆ పూటే బేరం ముగించుకున్నాను. అక్కడ అవి గోడకు నాలుగడుగుల ఇవతల నిలబడి ఉన్నాయన్న సంగతి కంటికి కనిపించింది గాని బుర్రకెక్కలేదు. మా ఇంట్లో 11 అడుగులకు 12 అడుగుల గదిలో, గోడకు జానెడు దూరంలో పెట్టి అదే కచేరీ వేస్తే, మృదంగం ఎడమ వైపు తొప్పి మీద పడిన ప్రతి దెబ్బా ఒకే స్వరంలో బుమ్మని సాగింది. వంటింట్లో ఉన్న మా అమ్మ, “ఎవరింట్లోరా ఆ మోటారు? ఇందాకటి నుంచీ ఆడుతూనే ఉంది” అంది. దుకాణానికి ఫోను చేస్తే, “నెల్లాళ్ళు వినండి సార్, అలవాటైపోతుంది” అన్నారు. నెల గడిచినా అలవాటు కాలేదు. చివరికి పాత నూలు మేజోళ్ళు ఉండలు చుట్టి ఆ గొట్టాల్లో కుక్కిన రోజున గాని మోటారు ఆగలేదు. కొందరు తయారీదారులు ఇదే పనికి నురుగు బిరడాలు పెట్టెతో పాటే ఇస్తారని నాకు అప్పటికి తెలియదు.

ఇక ప్రయాణం సంగతి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం వంటి చోట్ల దుకాణాల్లో ఎక్కువగా హోమ్ థియేటర్ సెట్లు, మైకు సెట్ల సామాను దొరుకుతాయి. చవక ధరలో మంచి పేరున్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే బల్ల మీదో స్టాండు మీదో పెట్టే చిన్న పెట్టెలు, కొన్నిచోట్ల ఉంటాయి. లక్షల ఖరీదు జతలను కుదురుగా కూర్చుని వినాలంటే విజయవాడో, విశాఖపట్నమో, హైదరాబాదో వెళ్ళవలసి వస్తుంది. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కిటికీ పక్కన నిద్రపోయి, తెల్లవారి నాంపల్లిలో దిగి నేరుగా దుకాణానికి వెళ్ళేవారు తమ చెవుల్ని తామే మోసం చేసుకుంటారు. గంటల తరబడి రొద విన్న చెవి కొంతసేపు మొద్దుబారి ఉంటుంది. ఆ స్థితిలో పదునైన స్పీకరే స్పష్టంగా ఉన్నట్టు తోస్తుంది. స్నానం, టిఫిను, రెండు గంటల నిశ్శబ్దం అయిన తరవాత వెళ్ళాలి. జలుబుతో ముక్కు దిబ్బడ వేసి ఉంటే ప్రయాణమే మానుకోవడం మేలు. ఆదివారం సాయంత్రం కాకుండా పనిరోజు ఉదయం గంటన్నర సేపు కావాలని ముందే ఫోనులో అడిగి, మీ బడ్జెట్ ఎంతో, మీ ఇంట్లో స్పీకర్లను మోగించే యాంప్లిఫయరు ఏదో, గది ఎంతో దాచకుండా చెప్పాలి. బడ్జెట్ తగ్గించి చెబితే మనమే తెలివైనవాళ్ళమని కొందరు అనుకుంటారు గాని, దుకాణదారు దాన్నిబట్టే జతలను సిద్ధం చేస్తాడు కనుక నష్టపోయేది మనమే.

పెట్టె మీద అచ్చు వేసిన అంకెల్లో పనికివచ్చేవి కొన్నే. పీఎంపీఓ అని వేల వాట్లు రాసి ఉంటే ఆ అంకెను చదవకుండానే వదిలేయవచ్చు. దానికి అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు. చూడవలసింది సెన్సిటివిటీ. నిర్ణీతమైన విద్యుత్తు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ ధ్వని వస్తుందో అది చెబుతుంది. ఈ అంకె 3 డెసిబెల్స్ తగ్గిన ప్రతిసారీ అదే శబ్దానికి కావలసిన వాట్లు రెట్టింపవుతాయి. కనుక 92 డెసిబెల్స్ స్పీకరు 10 వాట్లతో ఇచ్చే శబ్దాన్ని 86 డెసిబెల్స్ స్పీకరు ఇవ్వాలంటే సుమారు 40 వాట్లు కావాలి. రెండో అంకె ఓములు, అంటే స్పీకరు కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పేది. 4 ఓముల స్పీకరు యాంప్లిఫయరు నుంచి ఎక్కువ కరెంటు లాగుతుంది; చిన్న యాంప్లిఫయరు ఉన్నవారు ఆ జతను వినే ముందే ఈ సంగతి అడగాలి. డెమోలో మూడు లక్షల యాంప్లిఫయరుకు తగిలించిన ముప్పై వేల స్పీకరును విని సంతోషించడం, పెళ్ళివారి వంటవాడి చేతి పప్పు తిని కందులు కొన్నట్టు ఉంటుంది. మీ దగ్గరున్న యాంప్లిఫయరునే తీసుకువెళ్ళగలిగితే అంతకంటే మంచిది లేదు, కాకపోతే అదే తరగతిది అడిగి పెట్టించుకోవాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రెండు జతలను పోల్చేటప్పుడు రెండింటి శబ్దం ఒకే స్థాయిలో లేకపోతే ఆ పోలికకు విలువ లేదు. ఒక్క డెసిబెల్ తేడాను మన మనసు శబ్దం పెరిగిందని గుర్తించదు; నాణ్యత పెరిగిందనుకుంటుంది. బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రకటించిన కొలతలను బట్టి, శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మిగతా స్వరాల కంటే వేగంగా తగ్గిపోతుంది. అందుకే కాస్త పెద్దగా మోగే స్పీకరు నిండుగా, కాస్త చిన్నగా మోగేది పేలవంగా అనిపిస్తుంది. నేను ఒకచోట స్వయంగా చూశాను. కుర్రవాడు చవక జత వినిపించేటప్పుడు వాల్యూమ్ బొత్తాం మీది తెల్లటి గీత గడియారంలో తొమ్మిది దగ్గర ఉంది. ఖరీదైన జతకు తీగ మార్చి, మాట్లాడుతూనే, వేలి కొసతో ఆ గీతను పది దాటించాడు. అతనిలో మోసబుద్ధి ఉందని అనను, చేతి అలవాటు కావచ్చు, కాని నా పక్కన కూర్చున్న స్నేహితుడు “ఆహా, తేడా చూశారా!” అన్నది మాత్రం ఆ గీత జరిగిన దానికే.

దీనికి విరుగుడు మన జేబులోనే ఉంది. శబ్ద తీవ్రతను చూపే యాప్ ఒకటి ఫోనులో వేసుకుని, మనం కూర్చునే కుర్చీ దగ్గర, చెవి ఎత్తున, ప్రతిసారీ ఒకే చోట పట్టుకోవాలి. రేకుల కప్పు మీద వాన కురిసినట్టుండే పింక్ నాయిస్ ఫైలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకుని, మొదటి జతతో దాన్ని వేసి అంకె చూసి, రెండో జతకు అదే అంకె వచ్చే వరకు వాల్యూమ్ సర్దమనాలి. అర డెసిబెల్ లోపు సరిపోతే చాలు. ఫోను చూపే అంకె అసలు తీవ్రతకు అయిదారు డెసిబెల్స్ అటూ ఇటూ ఉండవచ్చు, కాని ఒకే ఫోనుతో రెండింటినీ పోలుస్తున్నాము కనుక ఆ తప్పు రెండు వైపులా సమానంగా పడుతుంది. ఆ తరవాత బొత్తాన్ని ఎవరూ ముట్టుకోకూడదని మర్యాదగా చెప్పాలి. యాంప్లిఫయరులో బేస్, ట్రెబుల్ బొత్తాలు మధ్యలో ఉన్నాయో లేదో, లౌడ్‌నెస్ అనే మీట ఆపి ఉందో లేదో కూడా ఒకసారి వంగి చూసుకోవాలి. ఇంకొక చిన్న సంగతి: ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తీగలు తారుమారైతే బేస్ మాయమై, గాయకుడి గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియకుండా చెదిరిపోతుంది. మంచి జత ఉన్నట్టుండి నీరసంగా వినిపిస్తే, దాన్ని తిరస్కరించే ముందు తీగలు చూడమనండి.

ధర తెలిసిన చెవి నిష్పాక్షికంగా ఉండదు. స్పీకర్ల వినికిడి పరీక్షలకు పేరుపడిన ఫ్లాయిడ్ టూల్ కెనడా జాతీయ పరిశోధనా మండలిలో చాలా ఏళ్ళు పనిచేసి తరవాత హర్మన్ సంస్థలో చేరారు. అక్కడ ఆయన, షాన్ ఓలివ్ కలిసి 1994లో ప్రకటించిన ప్రయోగంలో, ఒకే శ్రోతలకు ఒకే స్పీకర్లను ఒకసారి కనబడేలా, మరొకసారి తెర వెనక దాచి వినిపించారు. కనబడినప్పుడు పెద్ద, ఖరీదైన పెట్టెలకు మార్కులు పెరిగాయి, చిన్న చవక సెట్టుకు తగ్గాయి. దుకాణంలో తెర కట్టమనడం కుదరదు కాని, వెంట వచ్చినవారిని తీగలు మార్చే దగ్గర నిలబెట్టి, మనం కళ్ళు మూసుకుని, ఏది మోగుతోందో చెప్పకుండా మార్చమనవచ్చు. ఇద్దరు అన్నదమ్ములో భార్యాభర్తలో కలిసి వెళితే ఈ పని సులువు. ఒకరికొకరు ముఖం చూసుకోకుండా ఎవరి అభిప్రాయం వారు కాగితం మీద రాసుకుని చివర్లో చూసుకోవాలి. ఇంట్లో పెద్దాయన “బావుంది” అన్నాక మిగతావాళ్ళ చెవులు పనిచేయడం మానేస్తాయన్నది మా జిల్లాల్లో వేరే చెప్పనక్కరలేదు.

వరస కూడా ముఖ్యమే. నేరుగా అయిదు లక్షల జత దగ్గర కూర్చుంటే ఆ తరవాత విన్నదేదీ రుచించదు. మీ బడ్జెట్‌లోని జతను మొదట వినండి, తరవాత దాని కంటే చవకది, తరవాత ఖరీదైనది, చివరగా మళ్ళీ మొదటిది. అలా తిరిగి వచ్చినప్పుడు మొదటి జతలో ఏమి పోయిందో స్పష్టంగా తెలుస్తుంది. ఏమీ పోలేదనిపిస్తే రెండు లక్షలు మిగిలినట్టే. పోల్చేటప్పుడు పాట మొత్తం వినకుండా అర నిమిషం ముక్కనే అటూ ఇటూ మార్చి వినాలి, ఎందుకంటే ధ్వని ఛాయలు జ్ఞాపకంలో ఎక్కువసేపు నిలవవు. చివరికి రెండు జతలు మిగిలాక మాత్రం ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు ఏ పరీక్షా చేయకుండా ఊరికే వినాలి. ఆ సమయంలో తెలియకుండానే వాల్యూమ్ తగ్గించాలనిపిస్తే ఆ స్పీకరు మీ చెవిని అలసిపోయేలా చేస్తోందని గ్రహించండి.

ఏ సంగీతం వినాలన్న ప్రశ్నకు నా సమాధానం ఒకటే: మీకు కంఠతా వచ్చినది. దుకాణం వారి డెమో పాటల్లో ఒక గిటారు, ఒక ఆడగొంతు, ఒక పెద్ద డ్రమ్ము ఉంటాయి; వాటిని ఏ స్పీకరు మీద వేసినా బాగానే ఉంటాయి, అందుకే వారు వాటిని ఎంచుకున్నారు. మీ పాటలను సీడీ నుంచి నాణ్యత తగ్గకుండా తీసిన ఫ్లాక్ ఫైళ్ళుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. యూట్యూబ్ నుంచి బ్లూటూత్ మీద వినిపిస్తామంటే వద్దనండి.

నా పెన్‌డ్రైవ్‌లో మొదటిది వీణ. మన కాకినాడలో 1936లో పుట్టిన చిట్టిబాబుది గాని, ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఆయన గురువు ఈమని శంకరశాస్త్రిది గాని ఏదో ఒక ఆలాపన తీసుకుంటాను. వీణ స్పీకరును దాచుకోనివ్వదు. మీటు పడిన క్షణంలోని చురుకు పై స్వరాలు పలికే ట్వీటరుది, ఆ తరవాత సాగే నాదం కింది స్వరాలు పలికే వూఫరుది. రెండూ ఒకే తీగ నుంచి పుట్టినట్టు అతికి వినిపించాలి. ధ్వనిని ఆ రెండింటికీ పంచే క్రాసోవరు సరిగా లేని స్పీకరులో గోరు ఒకచోట, నాదం ఒకచోట ఉన్నట్టుంటుంది. అనుమంద్ర తీగ మీద గమకం లాగినప్పుడు స్వరం జారుతూ పోవడం వినిపించాలి గాని, ఒకచోట ఉబ్బి మరొకచోట సన్నబడకూడదు. పక్కనున్న మూడు తాళపు తీగలు ఖణేల్మన్నప్పుడు అవి ప్రధాన నాదంలో కలిసిపోకుండా విడిగా పక్కన మోగాలి. వేలు మెట్టు మీద జారిన సన్నని గీకుడు కూడా మంచి జతలో తెలుస్తుంది. అయితే గీకుడే ముందుకు వచ్చి నాదం వెనక్కు పోతే అది స్పష్టత కాదు, ట్రెబుల్ ఎక్కువ పెట్టిన మాయ.

రెండోది మగ గొంతు. రాజోలు దగ్గర శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ మంద్ర స్థాయిలోకి దిగే చోట, గొంతు ఛాతీ నుంచి వచ్చినట్టుండాలి, పీపాలోంచి వచ్చినట్టుండకూడదు. పీపా ధ్వని వస్తే పెట్టె చెక్క తాను కూడా మోగుతోందని అర్థం. పక్క చెక్క మీద వేలి కణుపుతో తట్టి చూస్తే డొల్లగా పలుకుతుంది. మూడోది ఘంటసాల పాత మోనో రికార్డింగు. రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వస్తుంది కనుక ఆయన గొంతు సరిగ్గా మధ్యలో, మనిషి ముఖమంత వెడల్పులో నిలబడాలి. ఎడమకో కుడికో జరిగినా, రెండు స్పీకర్ల మధ్య చాపలా పరుచుకున్నా, ఆ రెండు పెట్టెలు ఒకదానికొకటి జోడు కుదరలేదనో, వాటిని సరిగా నిలబెట్టలేదనో తెలుసుకోవాలి. స, శ, ష అక్షరాలు ఎక్కువగా దొర్లే ఆడగొంతు పాట ఒకటి నాలుగోది. ఆ మూడు అక్షరాలకూ మధ్య తేడా తెలియాలి. మూడూ ఒకేలా బుసకొడితే మన టైల్స్ ఇంట్లో ఆ స్పీకరుతో వేగలేము. అయిదోది తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా మోగే భాగం. తొప్పి మీద చేయి జరుపుతూ పలికించే గుంకారం కింది నుంచి పైకి ఎక్కడం వినిపించాలి. ఎన్ని దెబ్బలు కొట్టినా ఒకే బుమ్ము వస్తే అది మా అమ్మ విన్న మోటారే. చివరగా నాదస్వరం, డోలు. పెళ్ళివారి మైకు సెట్టు విని పెరిగిన మనకు పెద్ద శబ్దమంటే భయం లేదు కాని, నాదస్వరం తారస్థాయిలో చిన్న స్పీకరు గొంతు బిగుసుకుపోవడం ఇట్టే పట్టేయవచ్చు.

వినేటప్పుడు ఎదురుగా కదలకుండా కూర్చుంటే చాలదు. రెండు స్పీకర్లు, మన తల సమభుజ త్రిభుజంగా, ట్వీటరు చెవి ఎత్తున, అంటే నేల నుంచి సుమారు మూడడుగుల ఎత్తున ఉండేలా చూసుకుని మొదట వినాలి. తరవాత లేచి పక్కకు, గుమ్మం దాకా నడవాలి. మన ఇళ్ళలో పాట వినేవారు ఒక్క కుర్చీలో కూర్చోరు. ఒకరు దీవాను మీద, ఒకరు వంటింట్లో, ఒకరు గుమ్మానికి చేరగిలబడి వింటారు. పక్కకు జరగగానే గొంతు మూగబోయే స్పీకరు అటువంటి ఇంటికి నప్పదు. ఒకసారి ఒక్క స్పీకరునే మోగించమని కూడా అడగండి. రెండింటి మధ్య పరుచుకునే విశాలత తప్పులను కప్పేస్తుంది. ఒంటరిగా మోగినప్పుడు అవి బయటపడతాయి. ఆ తరవాత కాగితం తీసి, మన ఇంట్లో గోడకు ఎంత దూరమో అంతే దూరానికి స్పీకర్లను వెనక్కు జరపమనాలి. బరువని విసుక్కున్నా సరే, ఈ ఒక్క కోరిక మాత్రం వదులుకోకండి. జానెడు దూరంలో బేస్ పొంగిపోతే గొట్టం ముందువైపు ఉన్నదో, గొట్టమే లేని మూసిన పెట్టో అడగవచ్చు. ముందు గొట్టమున్నా గోడ దగ్గర బేస్ కొంత పెరుగుతుంది గాని సర్దుకోవడం కాస్త తేలిక. చివరగా, ఏసీ ఆపి ఫ్యాను వేయమని, అర్ధరాత్రి వినేటంత తక్కువ వాల్యూమ్‌లో ఒక పాట వినాలి. ఫ్యాను రొదలో మాటలు మునిగిపోని స్పీకరే మన వేసవికి పనికివస్తుంది.

ఖరీదు పెరిగేకొద్దీ నిజంగా పెరిగేవి ఏమిటంటే, ఇంకా కిందికి దిగే బేస్, ఎక్కువ శబ్దంలోనూ తొణకని గొంతు, మోగని పెట్టె, రెండు స్పీకర్ల మధ్య చక్కటి జోడు. వీటితో పాటు మెరుగుపెట్టిన చెక్క పొరకు, పేరుకు కూడా మనమే చెల్లిస్తాము. మధ్య స్వరాలు, అంటే గొంతులు, వీణలు ఉండే భాగం, నేటి చవక జతల్లోనూ బాగుంటున్నాయి. బ్రిటన్‌లోని వార్ఫ్‌డేల్ సంస్థ 1980ల ఆరంభంలో డైమండ్ పేరుతో చిన్న చవక పెట్టెను తెచ్చినప్పటి నుంచి ఈ తరగతిలో పోటీ గట్టిగానే ఉంది. పెద్ద పెట్టె అంటేనే మంచిదనుకోవడానికీ వీల్లేదు. బీబీసీ వారు 1970లలో ప్రసార వాహనాల ఇరుకులో మాటల నాణ్యత సరిచూసుకోవడానికి ఎల్ఎస్3/5ఎ అనే స్పీకరును రూపొందించారు. చంకలో పెట్టుకుని పోగలిగినంత చిన్న పెట్టె, అయినా ఇప్పటికీ ఖరీదు చెల్లించి కొనేవారున్నారు. 11 అడుగులకు 12 అడుగుల గదిలో ప్రధానంగా శాస్త్రీయ సంగీతం, పాత పాటలు వినేవారికి నేను టవర్ల కంటే మంచి స్టాండు మీద నిలబెట్టిన బుక్‌షెల్ఫ్ జతనే చెబుతాను. మిగిలిన డబ్బుతో కొబ్బరి పీచు చాపలు, మందమైన కర్టెన్లు కొంటే స్పీకరు ధర పెంచినదాని కంటే ఎక్కువ లాభం. వేల రూపాయల తీగలు మాత్రం వద్దు. మామూలు దూరాలకు ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల మంచి రాగి తీగ చాలు.

మన తేమ గాలికి సంబంధించి దుకాణంలోనే అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. వూఫరు అంచు చుట్టూ ఉండే మెత్తటి వలయం నురుగుదా, రబ్బరుదా అన్నది మొదటిది. నురుగు వలయం ఉక్కపోతలో కొన్నేళ్ళకు పొడిపొడిగా రాలిపోతుంది, రబ్బరు చాలాకాలం నిలుస్తుంది. ముందు మూతగా ఉండే గ్రిల్లు తీయించి కంటితో చూస్తేనే ఇది తెలుస్తుంది. రెండోది పెట్టె అడుగు భాగం. చెక్క పీచును అదిమి చేసే ఎండీఎఫ్ పలక తడి పీల్చి ఉబ్బుతుంది కనుక, కడిగి తుడిచే టైల్స్ నేల మీద నేరుగా ఆనకుండా కాళ్ళు ఉన్నాయో లేదో చూడాలి. వారంటీలో మరమ్మతు ఎక్కడ చేస్తారో, స్పీకరును అక్కడికి చేర్చే ఖర్చు ఎవరిదో బిల్లు మీద రాయించుకోవాలి.

మొదటి రోజే బయానా ఇవ్వకుండా వెనక్కు వచ్చేయడం మంచిది. తిరుగు ప్రయాణంలో ఏ జత గుర్తుకు వస్తోందో చూసుకోండి. ఇంటికి తెచ్చి రెండు రోజులు వినే ఏర్పాటు ఉందేమో అడగడానికి మొహమాటపడనక్కరలేదు. దగ్గరలోని దుకాణానికి ఉన్న గొప్ప సౌకర్యం అదే. భీమవరంలో ఒక దుకాణదారు నాకు బుక్‌షెల్ఫ్ జతను అట్టపెట్టెతో సహా ఆటోలో ఎక్కించి, “పట్టుకెళ్ళి వినండి, ఆయ్. నచ్చకపోతే సోమవారం దింపేయండి” అన్నాడు, చెక్కు మాత్రం ఉంచుకుని. ఆ ధైర్యం ఉన్న దుకాణంలో వెయ్యి రూపాయలు ఎక్కువైనా ఇవ్వవచ్చు.

ఇంటికి వచ్చిన జతను దుకాణంలో విన్న వరసలోనే, అవే పాటలతో, అదే యాప్ అంకెకు సర్ది వినాలి. గోడకు జానెడు, మూరెడు, రెండు మూరలు అంటూ జరుపుతూ, బాగున్న ప్రతిచోటా నేల మీద కాగితపు టేపు ముక్క అంటించి అంకె వేయాలి. ఫ్యాను వేసి ఒకసారి, ఆపి ఒకసారి, కిటికీలు తెరిచి ఒకసారి వినాలి. ఆ తరవాత వంటింట్లోకి వెళ్ళి, అక్కడ పని చేసుకుంటున్నవారిని ఏమి వినిపిస్తోందని అడగాలి. మృదంగం అన్నారా, అట్టపెట్టె అటక మీద పెట్టేయవచ్చు. మోటారు అంటే మాత్రం ఆ పెట్టె సోమవారం దాకా చించకుండా ఉంచండి.